విడాకుల తర్వాత ఆన్‌లైన్ ఖాతాల్లో పేరు, మెయిల్ ఐడీ మార్చుకోవడం: ఏది ముందు, ఏది తర్వాత

కోర్టు డిక్రీ చేతికొచ్చిన రోజు సాయంత్రమే చాలామంది ఫేస్‌బుక్ తెరిచి ఇంటిపేరు తీసేస్తారు. ఆ తొందర సహజమే, తప్పుపట్టడానికేం లేదు, కాకపోతే వరుస తిరగబడుతుంది. పేరు పైకి కనిపించేది మాత్రమే. ఆ ఖాతాలోకి ఇంకా ఎవరెవరు వెళ్లగలరు, ఓటీపీ ఎవరి ఫోన్‌కి వెళ్తోంది, పాస్‌వర్డ్ మర్చిపోతే రీసెట్ లింకు ఎవరి మెయిల్‌కి వస్తుంది అన్నవి ముందు తేలాలి. అందుకే ముందు లాగిన్లు, తర్వాత మెయిల్ ఐడీ, ఆ తర్వాతే పేరు. మొదటి రెండింటికీ సాధారణంగా ఏ కాగితమూ అడగరు కాబట్టి డిక్రీ వచ్చేదాకా ఆగాల్సిన పని కూడా లేదు.

ఇదంతా ఒక్క ఆదివారంలో అయిపోయే పని కాదని ముందే అనుకోండి. రోజుకి నాలుగైదు ఖాతాలు చాలు. అలసిపోయి చేసేటప్పుడే తప్పుడు బటన్ నొక్కుతాం.

మొదలుపెట్టే ముందు

కేసు ఇంకా నడుస్తుంటే పాత మెయిళ్లు, చాట్‌లు, ఫొటోలు ఏవీ డిలీట్ చేయకండి. కోపంతో ఖాళీ చేసిన ఇన్‌బాక్స్ రేపు సాక్ష్యం మాయం చేసినట్టు కనిపించొచ్చు. పాస్‌వర్డ్ మార్చుకోవడం వేరు, సమాచారం చెరిపేయడం వేరు. కాపీ కావాలంటే గూగుల్ టేక్‌అవుట్‌తో మీ మెయిళ్లు, ఫొటోలు, కాంటాక్టులు అన్నీ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. ఉమ్మడి ఖాతాల సంగతి మాత్రం మీ లాయర్‌ని అడిగాకే ముట్టుకోండి.

అవతలివాళ్ల పాస్‌వర్డ్ మీకు తెలిసినా వాళ్ల ఖాతాలోకి వెళ్లొద్దు. చాలా దేశాల్లో అది నేరం, భార్యాభర్తలుగా ఉన్నప్పుడు ఇచ్చిన పాస్‌వర్డ్ అయినా సరే.

ఇంకొకటి, ఇది అందరికీ వర్తించదు కానీ వర్తించేవాళ్లకి చాలా ముఖ్యం. అవతలి మనిషి వల్ల భయం ఉంటే, మీ ఫోన్‌ని గమనిస్తున్నారన్న అనుమానం ఉంటే, అన్ని చోట్లా ఒకేసారి లాగౌట్ చేయకండి. అవతలి ఫోన్‌లో ఖాతా ఒక్కసారిగా బయటికొచ్చేస్తే వాళ్లకి వెంటనే తెలిసిపోతుంది. వాళ్ల చెయ్యి ఎప్పుడూ పడని ఫోన్ లేదా కంప్యూటర్ నుంచి కొత్త మెయిల్ తెరుచుకుని, గృహహింస బాధితులకు సాయం చేసేవాళ్లతో మాట్లాడి, అప్పుడు అడుగు వేయండి. ఐఫోన్ ఉన్నవాళ్లకి 2022లో ఐఓఎస్ 16తో వచ్చిన సేఫ్టీ చెక్ అనే సెట్టింగ్ ఉంది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ లోపల ఉంటుంది. ఎవరితో ఏం షేర్ అవుతోందో ఒకచోట చూపించి అక్కడికక్కడే ఆపేయనిస్తుంది.

ఒకటో అడుగు: లోపల ఎవరున్నారో చూడండి

ముందు మీ ఫోన్ నంబర్‌తో మొదలుపెట్టండి, మెయిల్‌తో కాదు. ఆ సిమ్ ఎవరి పేరు మీద ఉంది? ఫ్యామిలీ ప్లాన్‌లో ఉండి బిల్లు అవతలివాళ్లు కడుతుంటే, ఖాతాదారు వాళ్లే అయితే, మీ ఓటీపీలన్నీ వేలాడుతున్న నంబర్ మీది కానట్టే. ఆ కనెక్షన్‌ని మీ పేరు మీదికి మార్పించుకోండి, కుదరకపోతే కొత్త నంబర్ తీసుకోండి. ఫోన్ లాక్ పిన్ కూడా మార్చండి. పిల్లల పుట్టినరోజో పెళ్లిరోజో పిన్‌గా పెట్టుకున్నవాళ్లు మీ ఒక్కరే కాదు.

తర్వాత ప్రస్తుతం వాడుతున్న మెయిల్ ఖాతా. జీమెయిల్ అయితే గూగుల్ ఖాతా సెక్యూరిటీ పేజీలో ఏయే డివైజ్‌లలో లాగిన్ అయి ఉందో జాబితా ఉంటుంది. ఇంట్లో వదిలేసి వచ్చిన ట్యాబ్, హాల్లో స్మార్ట్ టీవీ, పాత ల్యాప్‌టాప్ ఇలాంటివన్నీ అక్కడ కనిపిస్తాయి. మీ దగ్గర లేనివాటిని ఒక్కొక్కటిగా సైనౌట్ చేసి, పాస్‌వర్డ్ మార్చి, రెండంచెల వెరిఫికేషన్ పెట్టండి. ఎస్సెమ్మెస్ కన్నా, ఫోన్‌లోనే కోడ్ చూపించే ఆథెంటికేటర్ యాప్ మేలు. బ్యాకప్ కోడ్‌లు కాగితం మీద ప్రింట్ తీసి దాచండి, పాత కోడ్‌లు ఇంట్లో ఏ సొరుగులోనో ఉండిపోయి ఉంటే కొత్తవి తీసుకుంటే చాలు, పాతవి చెల్లకుండా పోతాయి.

రికవరీ మెయిల్, రికవరీ ఫోన్ దగ్గర చాలామందికి ఎక్స్ (మాజీ భర్త లేదా భార్య) వివరాలే ఉంటాయి, ఎప్పుడో ఇద్దరూ కలిసి పెట్టుకున్నవి. వాటిని మార్చండి, కానీ మార్చిన క్షణం నుంచే పాతవి పనిచేయవని అనుకోవద్దు. గూగుల్ పాత రికవరీ నంబర్‌కి, మెయిల్‌కి 7 రోజుల వరకు కోడ్ పంపే అవకాశం ఉంచుతుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాలో సెక్యూరిటీ వివరాలన్నీ ఒకేసారి తీసేసి కొత్తవి పెడితే 30 రోజులు ఆగమంటుంది. ఇవి దొంగల నుంచి కాపాడటానికి పెట్టిన గడువులు, మన విషయంలో మాత్రం ఆలస్యం చేస్తాయి. అందుకే ఈ పని మొదటి వారంలోనే చేసేయాలి.

ఇక ఎవరూ చూడని మూల ఒకటుంది. జీమెయిల్‌ని కంప్యూటర్ బ్రౌజర్‌లో తెరిచి, పైన కుడివైపు పళ్లచక్రం గుర్తు నొక్కి, సెట్టింగ్స్ అన్నీ చూపించమనండి. అందులో మూడు ట్యాబ్‌లు చూడాలి. ఫార్వర్డింగ్ ట్యాబ్‌లో మీకు తెలియని అడ్రస్ ఉందా? ఫిల్టర్స్ ట్యాబ్‌లో ఫలానా బ్యాంకు నుంచో లాయర్ నుంచో వచ్చే మెయిల్‌ని ఇంకెవరికో పంపేలా లేదా చదివినట్టు గుర్తుపెట్టి ఆర్కైవ్ చేసేలా రూల్ ఉందా? అకౌంట్స్ ట్యాబ్‌లో మీ ఖాతా వాడుకునేందుకు ఇంకొకరికి అనుమతి ఇచ్చి ఉందా? పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా ఫార్వర్డింగ్ రూల్ తన పని తాను చేసుకుంటూనే ఉంటుంది. ఔట్‌లుక్‌లోనూ రూల్స్, ఫార్వర్డింగ్ ఇలాగే చూడండి.

సెక్యూరిటీ ప్రశ్నలు అడిగే సైట్లు ఇంకా కొన్ని మిగిలే ఉన్నాయి. అమ్మ పుట్టింటి పేరు, మొదటి స్కూలు, పెంపుడు కుక్క పేరు, వీటన్నిటికీ జవాబు మీ తర్వాత బాగా తెలిసిన మనిషి ఎవరో మీకు తెలుసు. అబద్ధపు జవాబులు పెట్టి పాస్‌వర్డ్ మేనేజర్‌లో, అంటే పాస్‌వర్డ్‌లు దాచిపెట్టే యాప్‌లో రాసుకోండి. ఆ సైటు మీ జవాబు నిజమా కాదా అని సరిచూడదు.

రెండో అడుగు: మళ్లీ మార్చాల్సిన అవసరం రాని మెయిల్ ఐడీ

కొత్త ఐడీలో ఇంటిపేరు పెట్టకండి. పుట్టింటి ఇంటిపేరు కూడా వద్దంటాను నేను. రేపు మీ నిర్ణయం ఏమైనా కావచ్చు, ఐడీ మాత్రం అలాగే ఉండాలి. పేరు, దానికి ఇంకో తటస్థమైన మాట, అంతే. పుట్టిన సంవత్సరం పెట్టడం అనవసరంగా వివరం ఇవ్వడం. చుక్క అటూ ఇటూ మార్చి కొత్త ఐడీ చేసుకుందామంటే జీమెయిల్‌లో కుదరదు, అక్కడ చుక్కలకి లెక్కలేదు, రెండూ ఒకటే అడ్రస్.

కొత్త ఖాతా తెరవాలా, ఉన్నదాని అడ్రస్ మార్చాలా అన్నది మీరు వాడే సర్వీసుని బట్టి ఉంటుంది. ఔట్‌లుక్‌లో ఒకే ఖాతాకి కొత్త అడ్రస్‌ని ఎలియాస్‌గా, అంటే మారుపేరుగా చేర్చి దాన్నే ప్రైమరీ చేసుకోవచ్చు, పాత మెయిళ్లన్నీ ఉన్నచోటే ఉంటాయి. పాత ఔట్‌లుక్ అడ్రస్‌ని మాత్రం తొందరపడి తీసేయకండి, ఒకసారి తీసేస్తే మళ్లీ దక్కదు. జీమెయిల్‌లో అడ్రస్ మార్చే వీలు చాలాకాలం లేదు, ఇప్పుడు దశలవారీగా ఇస్తున్నారు. గూగుల్ ఖాతాలో పర్సనల్ ఇన్ఫో, అందులో ఈమెయిల్ తెరిస్తే మీకు ఆ ఆప్షన్ వచ్చిందో లేదో తెలుస్తుంది. మారిస్తే పాత అడ్రస్ అదే ఖాతాకి మారుపేరుగా మిగులుతుంది, దానికి వచ్చే మెయిళ్లూ మీకే వస్తాయి. యాపిల్ ఖాతాకి సైనిన్ మెయిల్ మార్చడం సైనిన్ అండ్ సెక్యూరిటీలో ఉంటుంది.

ఇద్దరి పేర్లూ కలిపి పెట్టుకున్న ఉమ్మడి మెయిల్ ఉంటే దాన్ని గెలుచుకోవాలని చూడకండి. మీ ఖాతాలన్నీ అందులోంచి బయటికి తెచ్చుకుని దాన్ని అలా వదిలేయడమే నయం.

సొంత డొమైన్ మీద మెయిల్ వాడేవాళ్లు ఒక్క విషయం చూడాలి. ఆ డొమైన్ రిజిస్ట్రేషన్ ఎవరి ఖాతాలో ఉంది? అది ఎక్స్ ఖాతాలో ఉంటే మీ మెయిల్ తాళం వాళ్ల జేబులో ఉన్నట్టే, మెయిళ్లు ఎటు వెళ్లాలో వాళ్లు ఐదు నిమిషాల్లో మార్చేయగలరు. డొమైన్‌ని మీ ఖాతాకి ట్రాన్స్‌ఫర్ చేయించుకునేదాకా ముఖ్యమైన ఏ ఖాతానీ ఆ అడ్రస్‌కి కట్టొద్దు.

మూడో అడుగు: జాబితా

జ్ఞాపకం మీద ఆధారపడితే సగం ఖాతాలు తప్పిపోతాయి. పాస్‌వర్డ్ మేనేజర్‌లో, బ్రౌజర్‌లో సేవ్ అయిన లాగిన్లు తీయండి. పాత ఇన్‌బాక్స్‌లో వెల్‌కమ్, వెరిఫై, ఇన్వాయిస్, సబ్‌స్క్రిప్షన్ అనే మాటలు ఇంగ్లిష్‌లో కొట్టి వెతకండి. గూగుల్ ఖాతాతో లాగిన్ అయిన యాప్‌లు, సైట్లు ఏవో ఆ ఖాతాలోనే థర్డ్ పార్టీ కనెక్షన్ల పేజీలో ఉంటాయి. చివరగా 12 నెలల బ్యాంకు, కార్డు స్టేట్‌మెంట్లు చూడండి, ఏడాదికోసారి డబ్బులు కట్ అయ్యేవి అక్కడే బయటపడతాయి.

షీట్‌లో ఈ గడులు పెట్టుకోండి: సైటు, ఏ మెయిల్, ఏ నంబర్, ఏ పేరు, ఎవరి కార్డు, పేరు మార్చడానికి కాగితం కావాలా, అయిపోయిందా. ఎవరి కార్డు అన్న గడి మర్చిపోతే ఒకరోజు ఉన్నట్టుండి మీ క్లౌడ్ స్టోరేజీ ఆగిపోతుంది, అవతలివాళ్లు తమ కార్డు తీసేసి ఉంటారు. ఈ షీట్ మాత్రం ఇద్దరికీ షేర్ అయి ఉన్న డ్రైవ్ ఫోల్డర్‌లో పెట్టకండి.

నాలుగో అడుగు: మెయిల్ ఐడీ మార్చడం

వరుస ఇది: పాస్‌వర్డ్ మేనేజర్, బ్యాంకులు, మొబైల్ కంపెనీ, ప్రభుత్వ సైట్లు, పన్నులు, ఇన్సూరెన్స్, ఆస్పత్రి ఖాతాలు, ఉద్యోగానికి సంబంధించినవి. షాపింగ్, సినిమాలు, ఫోరమ్‌లు చివర.

ప్రతి చోటా పద్ధతి ఒకటే. కొత్త మెయిల్ చేర్చండి, వచ్చిన లింకు నొక్కి వెరిఫై చేయండి, దాన్ని ప్రైమరీ చేయండి. లాగౌట్ అయి కొత్త ఐడీతో లాగిన్ అవుతోందా చూడండి. అయ్యాకే పాతది తీయండి. నోటిఫికేషన్ల మెయిల్ వేరే చోట ఉంటుంది కొన్ని సైట్లలో, ముఖ్యంగా బ్యాంకుల్లో. లాగిన్ కొత్తదానికి మారినా స్టేట్‌మెంట్లు పాత ఐడీకే వెళ్తుంటాయి, కాబట్టి ఒక నెల స్టేట్‌మెంట్ ఎక్కడికొచ్చిందో చూసుకునేదాకా ఆ గడిలో టిక్ పెట్టకండి.

అందరూ ఇరుక్కునేది 'గూగుల్‌తో సైనిన్' బటన్ దగ్గర. మీరు కొత్త జీమెయిల్ ఖాతా తెరిచి, పాత సైటుకి వెళ్లి అదే బటన్ నొక్కి కొత్త ఖాతా ఎంచుకుంటే, ఆ సైటు మిమ్మల్ని కొత్త మనిషి అనుకుని ఖాళీ ఖాతా తెరిచేస్తుంది. మీ ఆర్డర్లు, డబ్బు కట్టిన సబ్‌స్క్రిప్షన్, ఫైళ్లు ఏవీ ఉండవు, గుండె ఆగినంత పనవుతుంది. ఏమీ పోలేదు, టెన్షన్ పడకండి. పాత ఖాతాతో లోపలికి వెళ్లి, సెట్టింగ్స్‌లో సొంతంగా పాస్‌వర్డ్ పెట్టుకుని, మెయిల్ మార్చి, గూగుల్ లింకు తెంపండి. పొరపాటున తెరుచుకున్న ఖాళీ ఖాతాని ముందు డిలీట్ చేయాలి, లేకపోతే ఈ మెయిల్ ఇప్పటికే వాడుకలో ఉంది అంటుంది.

ఆఫీసు మెయిల్‌దీ ఇదే కథ, ఇంకాస్త పెద్దది. ఐటీ వాళ్లు మీ అడ్రస్ మారిస్తే దానితో లాగిన్ అయ్యే జీతాల యాప్, సెలవుల యాప్, ప్రాజెక్టు యాప్ కొన్నిసార్లు మిమ్మల్ని గుర్తుపట్టవు. పాత అడ్రస్‌ని ఎలియాస్‌గా ఉంచమని, మార్చేముందు ఏయే యాప్‌లు మెయిల్‌ని బట్టి మనిషిని గుర్తిస్తాయో చూడమని రాతపూర్వకంగా అడగండి. జీతం పడే వారంలో మాత్రం ఈ పని పెట్టుకోకండి.

కొన్ని సైట్లలో మెయిల్ మార్చే దారే ఉండదు. సపోర్ట్‌కి రాయాలి, లేదా డేటా దింపుకుని ఖాతా మూసి కొత్తది తెరవాలి.

ఐదో అడుగు: పేరు

పేరు రెండు రకాలు. పైకి కనిపించే పేరు, అంటే వాట్సాప్, జూమ్, గూగుల్, ఇన్‌స్టాగ్రామ్‌లో ఉండేది. ఇది మీ ఇష్టం, ఎవరూ కాగితం అడగరు. రెండోది గుర్తింపు కార్డుతో సరిపోవాల్సిన పేరు, అంటే బ్యాంకు, పన్ను, ఇన్సూరెన్స్, విమాన మైలేజ్ ఖాతాలు. ఈ రెండో రకంలో ప్రభుత్వ గుర్తింపు కార్డు మారాకే మిగతావి మార్చాలి. కార్డులో ఒకటి, బ్యాంకులో ఒకటి అయితే రెండు చోట్లా పని ఆగుతుంది. టికెట్ ఇప్పటికే బుక్ చేసి ఉంటే ఆ ప్రయాణం అయ్యేదాకా పాస్‌పోర్టు పేరు కదిలించకండి, టికెట్ మీద పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి.

డిక్రీలో పాత పేరు తిరిగి వాడుకోవచ్చన్న వాక్యం ఉంటే చాలా దేశాల్లో పని తేలిక. అది రాయించుకునే అవకాశం ఇంకా ఉంటే లాయర్‌తో ఇప్పుడే చెప్పండి. సర్టిఫైడ్ కాపీలు కొన్ని ఎక్కువే తీసుకోండి.

కాగితం అడిగిన ప్రతివాళ్లకీ డిక్రీ మొత్తం అప్‌లోడ్ చేయకండి. అందులో పిల్లల వివరాలు, ఆస్తి పంపకం, భరణం అన్నీ ఉంటాయి. మొదటి పేజీ, పేరు గురించి ఉన్న పేజీ, కోర్టు ముద్ర ఉన్న పేజీ చాలా చోట్ల సరిపోతాయి. ఇలా రాసి చూడండి:

"నా ఖాతాలో పేరు మార్చాలి. ఇప్పుడున్న పేరు ఇది, కావలసిన పేరు ఇది. కొత్త గుర్తింపు కార్డు కాపీ జతచేశాను. ఇంకేదైనా పత్రం కావాలంటే దాని పేరు చెప్పండి, కోర్టు ఉత్తర్వులో అందుకు సంబంధించిన పేజీలు మాత్రమే పంపగలను. ఖాతా నంబర్, పాత లావాదేవీలు అలాగే ఉంటాయని కూడా ధ్రువీకరించండి."

కారణం విడాకులని రాయాల్సిన పనే లేదు, గమనించారా? కొత్త కార్డు ఒక్కటే చాలన్నవాళ్లు చాలామందే ఉంటారు.

సోషల్ మీడియాలో తొందరపడకూడని చోటు ఫేస్‌బుక్. అక్కడ ఒకసారి పేరు మారిస్తే 60 రోజుల దాకా మళ్లీ మార్చనివ్వదు, స్పెల్లింగ్ రెండుసార్లు చూసి నొక్కండి. రిలేషన్‌షిప్ స్టేటస్‌ని ముందు మీకొక్కరికే కనిపించేలా ('Only me') చేసి తర్వాత మార్చండి, లేకపోతే అందరి పరామర్శలకీ జవాబు చెప్పుకోవాలి. మెమరీస్‌లో ఫలానా మనిషినీ, ఫలానా తేదీల్నీ చూపించొద్దని పెట్టే వీలుంది, పొద్దున్నే పెళ్లి ఫొటో ఎదురవకుండా అది బాగా పనికొస్తుంది. ఇన్‌స్టాగ్రామ్‌లో యూజర్‌నేమ్ మారిస్తే పాత లింకులు పనిచేయవు, పాత పేరుని తర్వాత వేరెవరైనా తీసుకోవచ్చు. ప్రోగ్రామర్లు వాడే గిట్‌హబ్‌లోనూ పాత యూజర్‌నేమ్ ఇతరులకి అందుబాటులోకి వెళ్తుంది.

ఉద్యోగ జీవితమంతా పెళ్లి తర్వాతి పేరుతో సాగినవాళ్లు లింక్డ్‌ఇన్‌లో మాజీ పేరు గడి వాడుకోండి, అది ఎవరికి కనిపించాలో మీరే ఎంచుకోవచ్చు. పరిశోధన వ్యాసాలు రాసినవాళ్లకి ఆర్కిడ్ (ORCID, పరిశోధకులకిచ్చే గుర్తింపు నంబర్) ఐడీలో పాత పేర్లు కూడా చేర్చుకునే వీలుంది, ఐడీ ఒక్కటే కాబట్టి పాత వ్యాసాలు మీ ఖాతాలోనే ఉంటాయి. అసలు వృత్తిలో పాత పేరే ఉంచుకుని, మిగతాచోట్ల మార్చుకున్నా ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు.

ఆరో అడుగు: కలిపి వాడుకున్నవి

యాపిల్ ఫ్యామిలీ షేరింగ్, గూగుల్ ఫ్యామిలీ గ్రూప్, షేర్ చేసిన క్యాలెండర్లు, గూగుల్ ఫొటోస్‌లో పార్ట్‌నర్ షేరింగ్, మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్, వాట్సాప్‌లో లింక్డ్ డివైజెస్, వైఫై రూటర్, ఇంటి కెమెరాలు, కారు యాప్. ఇవన్నీ చూసుకోవాలి. ఫ్యామిలీ షేరింగ్ నుంచి బయటికొస్తే అవతలివాళ్లు కొన్న యాప్‌లు, పాటలు మీకు ఆగిపోతాయి. చిన్నపిల్లల ఖాతాల్ని యాపిల్‌లో గ్రూప్ నుంచి ఊరికే తీసేయడం కుదరదు, ఇంకో పెద్దవాళ్ల గ్రూప్‌లోకి మార్చాలి, కాబట్టి పిల్లల ఖాతా ఎవరి దగ్గర ఉంటుందన్నది ముందు ఒప్పందానికి రావాల్సిన విషయం. నెట్‌ఫ్లిక్స్‌లో మీ ప్రొఫైల్‌ని చూసిన చరిత్రతో సహా కొత్త ఖాతాకి తీసుకెళ్లొచ్చు.

దాదాపు అందరూ మర్చిపోయేది ఒకటి. యాపిల్‌లో లెగసీ కాంటాక్ట్, గూగుల్‌లో ఇన్‌యాక్టివ్ అకౌంట్ మేనేజర్, ఫేస్‌బుక్‌లో లెగసీ కాంటాక్ట్, ఇవి మీ తర్వాత మీ ఖాతా ఎవరు చూసుకోవాలో చెప్పేవి. ఎవరి పేరు ఉందో ఒకసారి తెరిచి చూడండి. పాస్‌వర్డ్ మేనేజర్‌లో ఎమర్జెన్సీ యాక్సెస్ కూడా అంతే. బ్యాంకు, ఇన్సూరెన్స్ నామినీ సంగతి ఈ సందర్భంలోనే చూసేస్తే ఒక పని అయిపోతుంది.

పాత మెయిల్‌ని ఏం చేయాలి

కనీసం ఏడాది ఉంచండి, రెండేళ్లయితే ఇంకా మంచిది. ఏడాదికోసారి మాత్రమే మెయిల్ పంపేవాళ్లు ఉంటారు, ఇన్సూరెన్స్, పన్నులు, డొమైన్ రెన్యువల్ లాంటివి. పాతదానికి వచ్చేవి కొత్తదానికి ఫార్వర్డ్ పెట్టుకుని, ఒక లేబుల్ కిందికి వచ్చేలా చేసుకోండి. ఆ లేబుల్‌లో కనిపించిన ప్రతిదీ మీరు మార్చడం మర్చిపోయిన ఖాతా అన్నమాట. అవతలివాళ్లకి పాత మెయిల్ ఇంకా అందుబాటులో ఉందేమోనన్న అనుమానం ఉంటే మాత్రం ఫార్వర్డ్ పెట్టొద్దు, సెట్టింగ్స్‌లో మీ కొత్త ఐడీ కనిపించిపోతుంది. 'నా కొత్త మెయిల్ ఇది' అని ఆటో రిప్లై పెట్టడం కూడా వద్దు, మెయిల్ పంపిన ప్రతివాళ్లకీ, ఎక్స్‌తో సహా, అది వెళ్తుంది. కావలసినవాళ్లకి మీరే రాయండి.

వదిలేస్తే దానంతట అదే పోతుందిలే అనుకోవద్దు. రెండేళ్లు ముట్టుకోకపోతే గూగుల్ వ్యక్తిగత ఖాతాని తొలగించే అధికారం ఉంచుకుంది, మైక్రోసాఫ్ట్ కూడా రెండేళ్లలో ఒక్కసారైనా లాగిన్ అవ్వాలంటుంది, యాహూ అయితే ఏడాదికే. యాహూ 2013లో వాడకుండా పడి ఉన్న ఐడీల్ని వేరేవాళ్లకి ఇచ్చింది కూడా. మీ పాత ఐడీ ఇంకొకరికి దక్కి, దానికి మీ బ్యాంకు ఖాతా ఇంకా కట్టి ఉంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. అందుకని క్యాలెండర్‌లో ఆరు నెలలకోసారి లాగిన్ అని రిమైండర్ పెట్టుకోండి. ఏడాదిలో ఆ లేబుల్ కిందికి ప్రకటనలు తప్ప ఇంకేం రావడం లేదంటే అప్పుడు మూసేయొచ్చు, మూసేముందు మొత్తం డౌన్‌లోడ్ చేసుకుని. ఒకసారి డిలీట్ చేసిన జీమెయిల్ అడ్రస్‌ని గూగుల్ మళ్లీ ఇంకెవరికీ ఇవ్వదు.